లినక్స్ సైదులు

సూర్యాపేటలో సైదులు ఇల్లెక్కడ అని అడిగితే "ఏ సైదులు?" అని ఎదురు అడుగుతారు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టినవాళ్లు ఆ చుట్టుపక్కల వాడకొకరు ఉంటారు. అందరికీ ఆ దర్గా సైదులు పేరే పెడతారు. అందుకని ఆటో సైదులు, పాల సైదులు, మేస్త్రీ సైదులు అని పేరుకు ముందొక తోక తగిలించుకోక తప్పదు. మన సైదులుకు లినక్స్ అనే తోక తగిలింది. తగిలించినవాళ్లలో చాలామందికి అదేమిటో తెలియదు. ఏదో ఫారిన్ కంపెనీ అనుకున్నారు. సైదులు కాదని చెప్పలేదు. పొగడ్తను సరిదిద్దే అలవాటు ఆయనకు పుట్టుకతోనే లేదు.

వాళ్లది ఆత్మకూర్ (ఎస్). గొర్రెల మంద ఉన్న ఇల్లు. తండ్రి కొమురయ్య ఎండలో తిరిగి తిరిగి, కొడుకైనా నీడపట్టున కూర్చోవాలని పట్టుబట్టి డిప్లొమా దాకా చదివించాడు. 2003లో సైదులుకు సూర్యాపేటలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం దొరికింది. నీడ దొరికింది, నీడతో పాటు ఏసీ కూడా దొరికింది. ఆ యాజమాన్యానికే కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి కాలేజీలు ఉన్నాయి. మూడింటి మంచిచెడ్డలూ చూసే సెక్రటరీ పేరు జగదీశ్. ఆయనది కోదాడ.

ఆ రోజుల్లోనే సిలబస్‌లో, విండోస్ లాగే కంప్యూటరును నడిపించే లినక్స్ వచ్చి పడింది. పుస్తకాల్లోకి రావడం సులువే, ల్యాబ్‌లోకి తేవడమే కష్టం. లినక్స్ మీద ఒక సాఫ్ట్‌వేరు ఎక్కించడమంటే అప్పట్లో పెండ్లి పిలుపులకు పోవడం లాంటిది. బావను పిలిస్తే "మా తమ్ముణ్ణి పిలిచిన్రా?" అంటాడు. తమ్ముడి దగ్గరికి పోతే "మా మామ రాకుంటే నేనెట్ల వస్త?" అంటాడు. ఆ మామ ఊళ్లో ఉండడు. సాఫ్ట్‌వేరు ప్యాకేజీలదీ అదే తంతు. ఫలానా లైబ్రరీ అనే తోడు ఫైలు ఉంటేనే నేను ఎక్కుతానని తెర మీద రాసి మొండికేస్తుంది. ఆ లైబ్రరీని వెతికి తెస్తే అది ఇంకొకదాన్ని అడుగుతుంది. ఈ పేచీకి డిపెండెన్సీ అని పేరు. లెక్చరర్లు ఆ ఇంగ్లీషు లైన్లు చూసి, కంప్యూటరు పాడైందని దులపరించుకొని స్టాఫ్ రూముకు పోయేవాళ్లు.

సైదులు పోలేదు. మందలో రెండు వందల గొర్రెలున్నా ఏ పిల్ల ఏ తల్లిదో చూపుతోనే చెప్పగలిగిన పిల్లవాడు ఆయన. ఆ కన్నే ఇక్కడా పనికొచ్చింది. ఏ లైబ్రరీ ఎవరిని అడుగుతుంది, అది ఎన్నో సీడీలో పడుకొని ఉంది, అన్నీ నోటికి వచ్చేశాయి. ఇంటర్నెట్ అంటే ప్రిన్సిపాల్ గదిలో ఫోను వైరుకు తగిలించిన ఒక మోడెం మాత్రమే ఉన్న కాలం. కాబట్టి సీడీలే దిక్కు. ఆయన దర్జీ దగ్గర రెక్సిన్‌తో ఒక సంచి కుట్టించుకున్నాడు, సీడీకొక అర చొప్పున. ఆ సంచి చంకన పెట్టుకొని సూర్యాపేటలో బస్సెక్కితే కోదాడలో దిగేవాడు, కోదాడలో ఎక్కితే హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడలో దిగేవాడు.

మిర్యాలగూడ కాలేజీ గేటు లోపలికి ఆయన అడుగు పెడితే చాలు, ఎంటెక్ చదివిన లెక్చరర్లు కూడా లేచి కుర్చీ చూపించేవాళ్లు. తెర మీద పేచీ కనబడగానే, సైదులు చదివీ చదవకముందే, "అది మూడో సీడీల ఉంటది" అని సంచిలో చేయి పెట్టేవాడు. చేతికి మూడో సీడీయే వచ్చేది. చూస్తున్నవాళ్లు నోరు తెరిచేవాళ్లు. ఆ తెరిచిన నోళ్ల కోసమే సైదులు బతికాడని నా నమ్మకం. జీతం పెంచమని ఒక్కనాడూ అడగలేదు. "సైదులు రాకుంటే అయితలేదు" అన్న మాట ఫోనులో వినబడితే చాలు, తింటున్న అన్నం వదిలి లేచేవాడు. "ఆ కాలేజీలను చేసుకోకపోతివా, నన్నెందుకు చేసుకున్నవు?" అని పెండ్లయిన కొత్తలో పెండ్లాం పద్మ దెప్పిపొడిచేది.

అలా నాలుగేండ్లు హాయిగా గడిచాయి. 2007లో కోదాడ కాలేజీకి దీవెన వచ్చింది.

దీవెనది నేరేడుచర్ల. తండ్రి శంకరయ్య బడిపంతులు, తల్లి బాలమ్మ చర్చిలో పాటలు పాడుతుంది. హైదరాబాద్‌లో ఎంసీఏ చేసి, ఇంటికి దగ్గరని కోదాడలో ప్రోగ్రామర్‌గా చేరింది. చేరిన నెలకు సైదులు ఏదో పని మీద కోదాడ వెళ్తే, ల్యాబ్‌లో తను ఎక్కించాల్సిన సాఫ్ట్‌వేరు అప్పటికే అన్ని మిషన్లలో ఎక్కి కూర్చుంది.

"ఎవరెక్కించిన్రు?" అన్నాడు, తన గొర్రెకు ఎవరో మంగలి కత్తెర పెట్టినట్టు.

దీవెన లేచి నమస్తే పెట్టింది. చేసి చూపించింది కూడా. సీడీలన్నీ ఒక పాత మిషన్‌లోకి కాపీ చేసి దాన్ని సర్వర్‌గా పెట్టింది. మిగతా మిషన్ల దగ్గర ఒక్క లైను టైపు చేస్తే చాలు. కావలసిన ప్యాకేజీని, అది అడిగే లైబ్రరీని, ఆ లైబ్రరీ అడిగే ఇంకొకదాన్ని మిషనే వెతుక్కొని, మిషనే వరసలో పెట్టుకొని, మిషనే ఎక్కించుకుంటుంది. బావనూ తమ్ముణ్ణీ మామనూ ఒకే జీపులో కూర్చోబెట్టి తెచ్చేసినట్టు.

"అన్నా, మీ గురించి మిర్యాలగూడల అందరు చెప్తరు" అంది దీవెన. "ఏ ప్యాకేజీ ఏ సీడీల ఉందో మీకు నోటికొచ్చట గద?"

"ఆఁ."

"ఇగ మీకు ఆ గుర్తుపెట్టుకునే తిప్పలు లేదన్నా."

పాపం, ఆ పిల్ల మంచికే అంది. ఆ మాట సైదులుకు ముల్లులా గుచ్చుకుంది. నాలుగేండ్లుగా ఏ తిప్పలనైతే ఆయన కిరీటంలా నెత్తిన పెట్టుకొని తిరుగుతున్నాడో, దాన్ని తీసి పక్కన పెట్టి, బరువు తగ్గింది కదా అని నవ్వింది. చంకలో సంచి ఒక్కసారిగా బరువెక్కింది.

ఆ రోజు నుంచి సైదులు కుళ్లుకోవడం మొదలుపెట్టాడు. మామూలు కుళ్లు కాదు. దీవెన మంచిగా మాట్లాడితే నటన అన్నాడు. మాట్లాడకపోతే పొగరు అన్నాడు. "అది బటన్ నొక్కుడు పని. కరెంటు పోతే, సర్వర్ పోతే ఏం జేస్తది? తలకాయల ఉండాలె" అని సూర్యాపేటలో కనబడినవాడికల్లా చెప్పాడు. విన్నవాళ్లు తల ఊపి, తమ పని పడినప్పుడు మాత్రం కోదాడకే ఫోను చేశారు. మిర్యాలగూడ నుంచి వారానికి రెండుసార్లు వచ్చే పిలుపు నెలకొకటి అయింది, తర్వాత అదీ లేదు. ఎప్పుడైనా బస్సు నేరేడుచర్లలో ఆగితే సైదులు కండ్లు మూసుకొని నిద్ర నటించేవాడు. ఆ ఊరి రైసుమిల్లుల మీద కూడా కోపమే ఆయనకు. ఊరేం చేసింది పాపం.

ఒక ఆదివారం ఆత్మకూర్‌లో తండ్రి దగ్గర కూర్చొని ఇదంతా వెళ్లగక్కాడు. కొమురయ్య బీడీ ఆర్పి, నింపాదిగా విని, "ముందొచ్చిన చెవుల కన్నా ఎనకొచ్చిన కొమ్ములు వాడి అంటరు బిడ్డా. గొర్రెను జూస్తలేవా, చెవులు పుట్టుకతోనే ఉంటయి, కొమ్ములు ఎనక మొలుస్తయి. పొడిసేటప్పుడు ముందుండేటియి కొమ్ములే" అన్నాడు.

సొంత తండ్రే అలా అనేసరికి సైదులు అన్నం తినకుండా లేచి వచ్చేశాడు.

2009 ఎండాకాలంలో సెక్రటరీ జగదీశ్ ఒక కబురు బయటపెట్టాడు. మూడు కాలేజీల ల్యాబులకూ కలిపి ఒక్క సిస్టమ్స్ ఇన్‌చార్జిని పెడతారట. ఆ కుర్చీ ఎవరిదో ఎవరూ పైకి అనలేదు గానీ ఉన్నది ఇద్దరే. సైదులుకు ఆ కుర్చీ కావాలి. జీతం కోసం కాదని ముందే చెప్పాను. మిర్యాలగూడలో మళ్లీ తను వస్తే లేవాలి, అంతే. అది పోతే ఇక తనకు మిగిలేది ఆటో సైదులు, పాల సైదులు పక్కన మరో సైదులు అనిపించుకోవడమేనని ఆయన భయం.

సరిగ్గా అప్పుడే మిర్యాలగూడలో పేచీ వచ్చింది. నెట్‌వర్క్ ల్యాబ్ ప్రాక్టికల్ పరీక్షలు వారంలో ఉన్నాయి. దానికి కావలసిన సాఫ్ట్‌వేరు ఎక్కింది గానీ నడవనంటుంది. బొమ్మలు గీసే లైబ్రరీ ఒకటి పాతది కావాలట. మిషన్లలో ఉన్నది కొత్తది. జగదీశ్ ఇద్దరినీ పిలిపించాడు.

దీవెన సర్వర్ అంతా గాలించి, "ఆ పాత లైబ్రరీ మన దగ్గర లేదు సార్. హైదరాబాద్‌ల నా ఫ్రెండ్ ఉంది, సీడీల ఎక్కించి బస్సుల పంపిస్తది. రెండ్రోజులు పడతది" అంది.

"రెండ్రోజులంటే ఎట్టాగమ్మా? పరీక్షలు నెత్తి మీదకొచ్చినయ్యి" అని జగదీశ్ సైదులు వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వేమంటావ్?"

ఎన్నాళ్లయింది ఆ చూపు తన మీద పడి! సైదులు ఒళ్లు పులకరించింది. "రెండ్రోజులెందుకు సార్? ఛాయ్ తాగొచ్చేలోపల చేస్త" అన్నాడు.

చేశాడు కూడా. ఆయన చేసిందేమిటంటే, కొత్త లైబ్రరీకి పాత లైబ్రరీ పేరుతో ఒక దొంగ లింకు పెట్టాడు. సాఫ్ట్‌వేరు వచ్చి పాతాయన ఉన్నాడా అని పేరు పెట్టి పిలుస్తుంది. కొత్తాయన ఆఁ అంటాడు. సాఫ్ట్‌వేరు నమ్మి లేచి నిలబడుతుంది. మిషన్ల మీద తెరలు టపటపా తెరుచుకున్నాయి. జగదీశ్ సైదులు వీపు తట్టాడు. "మొత్తానికి పాత చెయ్యి పాత చెయ్యేనయ్యా!" అన్నాడు. లెక్చరర్లు నవ్వారు. ఎవరో కుర్చీ కూడా జరిపారు. దీవెన మాత్రం ఒక మిషన్ ముందు వంగి చూస్తూ, "మంచిగనే తెరుసుకుంటుందన్నా. గని బొమ్మ గీసి సూడలే గద" అంది.

"తెరుసుకున్నది గీయదా?" అన్నాడు సైదులు. ఆ గొంతులో ఉన్నది జవాబు కాదు, రెండేండ్ల ఏడుపు.

మరుసటి రోజు ఆత్మకూర్ పోయి తండ్రి ముందు ఛాతీ విరుచుకొని నిలబడ్డాడు. తండ్రికి అర్థమయ్యేలా చెప్పాలని, "నువ్వు తల్లి సచ్చిన పిల్లకు తోలు కప్పుతవు సూడు, అట్ల జేసిన నాయినా" అన్నాడు. కొమురయ్య చేసేది అదే. ఒక గొర్రెకు పిల్ల చచ్చిపోతే, ఆ చచ్చిన పిల్ల తోలు తీసి తల్లి లేని ఇంకో పిల్ల మీద కప్పుతాడు. గొర్రె వాసన చూసి తన పిల్లే అనుకొని పాలిస్తుంది.

కొమురయ్య మెచ్చుకోలేదు. "పాలున్న గొర్రేనా సూసినవా?" అన్నాడు.

"అంటే?"

"తోలు కప్పితే గొర్రె దగ్గరికి రానిస్తది. అది వాసన సంగతి. పొదుగుల పాలుంటేనే పిల్ల బతుకుతది. ఒట్టిపోయిన గొర్రె కాడ ఎంత తోలు కప్పితే ఏం లాభం? పిల్ల సీకీ సీకీ సస్తది. నేను తోలు తీసేముందే పొదుగు పిండి సూస్త."

సైదులుకు లోపల ఎక్కడో కలుక్కుమంది. పొదుగు పిండి చూడలేదు. అంటే బొమ్మ గీయించి చూడలేదు. ఒక్క బటన్. ఆ పూటే మిర్యాలగూడ పోయి నొక్కి చూస్తే తేలిపోయేది. కానీ గీయకపోతే? మళ్లీ దీవెనకు ఫోను చేయాలి. ఆ ఆలోచన రాగానే కాళ్లు ముందుకు పడలేదు.

మూడో రోజు దీవెనే ఫోను చేసింది. "అన్నా, ఆ పాత లైబ్రరీ సీడీ వచ్చింది. రేపు పొయ్యి పెట్టమంటరా? మీరు ఊ అంటే పెడత."

అదిగో, అక్కడుంది అసలు గడియ. ఊ అంటే అయిపోయేది. లింకు తీసి అసలుది పెడితే అందరూ సుఖంగా ఉండేవాళ్లు. కానీ సైదులు చెవికి వేరే మాట వినబడింది: నువ్వు చేసింది పని కాదు, నేను వచ్చి సరిచేస్తాను.

"వద్దు. నడుస్తున్నదాన్ని కదిలియ్యొద్దు" అని ఫోను పెట్టేశాడు.

పరీక్ష రోజు వేరే ఊరి నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. సైదులు ఇస్త్రీ చొక్కా వేసుకొని ల్యాబ్ తలుపు దగ్గర పెండ్లి పెద్దలా నిలబడ్డాడు. దీవెన కూడా డ్యూటీకి వచ్చింది. పిల్లలు ప్రోగ్రాములు రాశారు, నడిపించారు. అంతా బాగానే ఉంది. చివరిది గ్రాఫ్ గీసే ప్రశ్న. ముందు వరసలో ఒక అమ్మాయి బటన్ నొక్కింది. కిటికీ మూసినట్టు తెర మాయమైంది. రాసిన ప్రోగ్రాము కూడా దాంతో పాటే పోయింది. ఆ అమ్మాయి "సార్" అనే లోపల పక్కవాడిది, వెనకవాడిది. ల్యాబ్ నిండా "సార్, సార్" అన్న కేకలే. ఆ అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది.

సైదులు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఏమైందో ఆయనకు తెలుసు. ఆ గదిలో ఇంకొకరికి కూడా తెలుసు.

దీవెన ఒక మిషన్ ముందు కూర్చొని చూసి, ఆయన దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగింది. "అన్నా, ఈ లింకు తీసేయన్నా?"

తీసేయమని తల ఊపాడు. ఆమె హ్యాండ్‌బ్యాగులో నుంచి సీడీ తీసింది. వద్దన్నా దాన్ని ఇంట్లో పెట్టి రాలేదు. ఎగ్జామినర్‌ను బతిమాలి కాసేపు గడువు అడిగి, మిషన్ తర్వాత మిషన్ లింకు తీసి అసలు లైబ్రరీ పెట్టుకుంటూ పోయింది. పిల్లలు మొదటి నుంచి రాశారు. గ్రాఫులు వచ్చాయి.

జగదీశ్ పరుగున వచ్చేసరికి అంతా సర్దుకుంది. అయినా ఆయన అరవకుండా ఉంటాడా? "ఎవరి నిర్వాకం ఇది? చెప్పండి!"

"నాదే తప్పు సార్" అంది దీవెన. "సీడీ వచ్చినంక పట్టుబట్టి పెట్టాల్సింది. నేనే ఊకున్న."

సైదులుకు అదీ నచ్చలేదు. పని ఆమే చేసింది. పేరు ఆమెకే వచ్చింది. ఇప్పుడు తన తప్పు కూడా ఆమే నెత్తిన వేసుకొని దేవతలా నిలబడుతుందా? ఆ ఒక్కటైనా తనకు మిగలొద్దా? "ఆమె తప్పేం లేదు సార్. పెడతనంటే నేనే వద్దన్న. దొంగ లింకు పెట్టింది నేనే" అన్నాడు, దాదాపు అరిచినట్టుగా.

ల్యాబ్‌లో చాలామంది సైదులు ఎంత నిజాయితీపరుడో అని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజాయితీ కాదు. ఒట్టి అసూయ. ఆమె గొప్పదనం చూడలేక తన కుర్చీని తనే తన్నుకున్నాడు. దీవెన ఇన్‌చార్జి అయింది.

ఆమె చేసిన మొదటి పని సైదులును తన పక్కనే ఉంచమని జగదీశ్‌ను అడగడం. దానికి కూడా ఆయన ఏడ్చాడు. మూడు కాలేజీలనూ కలుపుతూ ఒక నెట్‌వర్క్ లైను వేశారు. కోదాడలో ఒకే సర్వర్ పెట్టి, మూడు ఊళ్లలోని మిషన్లన్నీ దాన్నే అడిగేలా చేసింది దీవెన. సర్వర్‌కు పేరు కావాలంటే, తర్వాత మార్చుకోవచ్చని అప్పటికి తన పేరే కొట్టింది. తర్వాత అన్నది రాలేదు. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఏ మిషన్‌కు ఏ లైబ్రరీ కావాలన్నా "దీవెన" అని పిలవాల్సిందే. ఆ పేరు ఒక్కో మిషన్‌లో రాసిపెట్టింది ఎవరనుకున్నారు? సైదులే. ఆమె చెప్పింది, ఆయన మూడు ఊళ్లు తిరిగి రాశాడు. రాసినన్ని రోజులు పద్మతో కూడా సరిగ్గా మాట్లాడలేదు.

"అంత మంటగుంటే మానుకోరాదు?" అంది పద్మ.

"మానుకుంటే ఆమెనే రాసుకుంటది. అప్పుడు అదీ ఆమె జేసిందే అయితది" అన్నాడు.

2011లో దీవెనకు వరంగల్‌లో గవర్నమెంటు పాలిటెక్నిక్‌లో ఉద్యోగం వచ్చింది. పోయే రోజు సర్వర్ గది తాళంచెవి సైదులు చేతిలో పెట్టి, "మీకు నేను చెప్పేదేముందన్నా, అన్నీ మీకు ఎరికే" అంది. కుర్చీ ఆయనకు వచ్చింది. కోరుకున్నదే వచ్చింది. కానీ గెలిచి తెచ్చుకున్న కుర్చీ కాదు, ఆమె ఖాళీ చేసిపోయిన కుర్చీ. కూర్చుంటే ఇంకా ఆమె వెచ్చదనం తగిలినట్టే ఉండేదట. మిర్యాలగూడలో ఇప్పుడు ఎవరూ లేవడం లేదు. లేవాల్సిన పని ఏముంది? సైదులు రానక్కరలేదు. ఒక్క లైను టైపు చేస్తే దీవెన అన్నీ పంపిస్తుంది.

2013 ఎండాకాలంలో, కరెంటు వచ్చిపోతూ వచ్చిపోతూ, ఒక పొద్దున సర్వర్ డిస్కును తినేసింది. మరునాడే పరీక్షలు. మూడు ఊళ్ల నుంచి ఫోన్లు. "సైదులు సార్, మీరు రాకుంటే అయితలేదు." ఎన్నేండ్లకు ఆ మాట!

సైదులు చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. కొత్త డిస్కు బిగించాడు. అటక మీది రెక్సిన్ సంచి దింపి దుమ్ము దులిపాడు. ఏది ఏ సీడీలో ఉందో చేయి మరిచిపోలేదు. ఆ పాత బొమ్మల లైబ్రరీ కూడా కావాలి. అది ఎక్కడా లేదు, మిర్యాలగూడ పరీక్ష రోజు దీవెన తెచ్చిన ఆ ఒక్క సీడీలో తప్ప. ఆ రోజు ఆమె మరిచిపోయి వదిలేస్తే, తిరిగి ఇవ్వడానికి మనసు రాక ఈయన సంచిలో దోపేశాడు. ఇప్పుడు అదే అక్కరకొచ్చింది. సాయంత్రానికి సర్వర్ మొత్తం మళ్లీ లేచి నిలబడింది. ఒక్క ప్యాకేజీ కూడా దొంగ లింకు కాదు. ప్రతి దాని పొదుగూ పిండి చూశాడు. అంతా ఆయన చేతి పని.

చివరికి తెర మీద ఒక ప్రశ్న మిగిలింది. ఈ మిషన్‌కు ఏం పేరు పెట్టమంటావు?

సైదులు ఆగిపోయాడు. గదిలో ఎవరూ లేరు. మెల్లగా తన పేరు కొట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నగా, ముద్దుగా కనబడింది. దొంగతనం కాదు. కట్టింది తనే. తన కష్టానికి తన పేరు పెట్టుకుంటే తప్పేమిటి? ఎంటర్ మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాడు.

మూడు ఊళ్లలో పరీక్షకు సిద్ధంగా ఉన్న మిషన్లేవీ ఆ పేరు ఎరగవు. పొద్దున లేచి అవి పిలిచేది ఒక్క పేరునే. ఆ పేరు పలకకపోతే ఎవరికీ ఏమీ అందదు. ఎవరో ఒక అమ్మాయి మళ్లీ తెర ముందు ఏడుస్తుంది. మిషన్లన్నిటికీ ఆ పిలుపు నేర్పింది ఎవరు? తన చేతులే. ఇంత చేసీ, ఇన్నేండ్లు ఓర్చీ, చివరికి ఇక్కడ కూడా ఆమే ముందు. కండ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతోనే. తిట్టుకుంటూ తన పేరును ఒక్కో అక్షరం చెరిపేశాడు. తిట్టుకుంటూనే దీవెన అని కొట్టాడు. ఎంటర్ నొక్కాడు.

మరుసటి రోజు పరీక్షలు ఏ పేచీ లేకుండా జరిగాయి. కోదాడ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ ఉమారాణి, ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ అవుతున్న లైన్లను చూస్తూ సైదులును అడిగింది.

"ఏమండీ సైదులు గారూ, ఏ సిస్టమ్ చూసినా దీవెన, దీవెన అనే వస్తోందేంటండీ? ఎవరండీ? మీ పాపా?"

సైదులు ఇష్టం లేని మందు మింగినట్టు ముఖం పెట్టి, "కాదు మేడమ్" అన్నాడు. "మా నాయిన ఒక మాట అంటుండె. ముందొచ్చిన చెవుల కన్నా ఎనకొచ్చిన కొమ్ములు వాడి అని. ఆ కొమ్ములు ఆమెనే."

"మరి మీరు?" అని నవ్వింది ఉమారాణి.

సైదులు నవ్వలేదు. తన చెవి పట్టుకొని చూపించాడు.